రాబందుల సంగతి చెప్తా, మా బాపు సూదుల పెట్టె నుంచి మొదలుపెట్టి

అడవి జంతువుల్ని పెంచి మళ్ళీ అడవిలో వదిలితే ప్రకృతికీ వాతావరణానికీ నిజంగా మేలు జరుగుతుందా, లేక టీవీలో పులుల్ని చూపించుకోడానికేనా అని అడిగారు. జరుగుతుంది, నాకు ఇందులో ఏ అనుమానం లేదు. అందరూ పులి దగ్గర మొదలుపెడతారు కానీ నేను రాబందు దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే అది మా ఇంటి కథ.

మాది బెజ్జూరు వైపు ఒక ఊరు, అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్. మా బాపు సర్కారు డాక్టర్ కాదు, ఒక పశువుల డాక్టర్ దగ్గర పని నేర్చుకుని సైకిల్ మీద ఊళ్ళు తిరిగి ఎడ్లకు బర్లకు సూదులేసేవాడు. సైకిల్ వెనక ఒక రేకు పెట్టె ఉండేది, దాని మూత తీస్తే స్పిరిట్ వాసన గుప్పున కొట్టేది, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

1993 ఎండాకాలం, నాకు తొమ్మిదేళ్ళు. మా ఎద్దును పాము కరిచింది, బాపు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. అవ్వ ఏడుస్తూనే దానికి పసుపు కుంకుమ పెట్టింది, తర్వాత దాన్ని బండి మీద వేసుకుని ఊరవతల పడావు భూమిలో పడేశారు, చచ్చిన పశువుల్ని అక్కడే పడేసేవాళ్ళు. నేను వద్దన్నా వినకుండా వెంటపడ్డా. బాపు నన్ను దూరంగా ఒక మోదుగు చెట్టు కింద కూర్చోబెట్టి పైకి చూపించాడు, ఎక్కడో ఆకాశంలో నువ్వు గింజంత చుక్క ఒకటి తిరుగుతోంది. కాసేపటికి రెండు, తర్వాత లెక్క పెట్టలేనన్ని. దిగేటప్పుడు ఆ రెక్కల చప్పుడు గాలిదుమారం వచ్చినట్టే ఉండేది, కాళ్ళు ముందుకు చాపి, నేల తగలగానే నాలుగు గెంతులు గెంతి ఆగేవి. మొదట వచ్చినవి వెంటనే తినలేదు, పక్కన కూర్చుని చూశాయి. ఒకటి ధైర్యం చేసి కంటి దగ్గర పొడిచింది, ఇక అంతే, నలభై యాభై పక్షులు ఒక్కసారి మీద పడ్డాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కడం, రెక్కలతో కొట్టుకోవడం, మెడ మొత్తం లోపలికి దూర్చి బయటికి తీస్తే ఎర్రగా తడిగా. నాకు భయమేసి బాపు చొక్కా పట్టుకున్నా. బాపు మాత్రం చేతి గడియారం చూసుకుంటూ "సూడు బిడ్డా, గంటల సాఫ్ జేస్తయి, మనిషితోని అయ్యే పని గాదు" అన్నాడు. నిజంగానే బర్లు ఇంటికొచ్చే వేళకి అక్కడ ఎముకల గూడు తప్ప ఏం లేదు. వాసన లేదు, ఈగ లేదు. మర్నాడు ఎముకలు ఏరుకునేవాళ్ళు వచ్చి అవి కూడా పట్టుకెళ్ళారు.

ఏడేళ్ళ తర్వాత అదే చోట మా పక్కింటివాళ్ళ ఆవు పడింది. ఒక్క రాబందు రాలేదు. కాకులు వచ్చాయి, కుక్కలు వచ్చాయి, పదిరోజులు కుళ్ళింది, గాలి తిరిగితే బడిలో పిల్లలు ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ళు. కుక్కల మంద పెద్దదయ్యింది, మనిషిని చూసి పక్కకి జరగడం మానేసింది. 2002లో మా చిన్నమ్మ కొడుకుని పొలం గట్టు మీద కరిచాయి, అప్పుడు బొడ్డు చుట్టూ పొడిచే సూదులు, ఒక దవాఖానలో మందు లేదని మూడుసార్లు తిప్పి పంపారు, మా చిన్నాయన వాణ్ని భుజాన వేసుకుని బస్సుల వెంట తిరిగాడు. వాడు బతికాడు. అందరి పిల్లలూ బతకలేదు. రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 మధ్య మనుషుల చావులు ఎంత పెరిగాయో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు, 5 లక్షలు అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన వాళ్ళ పేపర్ చెప్తోంది. కుక్క కాటు ఒక్కటే కాదు, కుళ్ళిన కళేబరాలు వాగుల్లో చెరువుల్లో పడి నీళ్ళు పాడవడం కూడా అందులో ఉంది. పశువులకీ మనుషులకీ వచ్చే ఆంత్రాక్స్ జబ్బు క్రిమిని కూడా చంపేసేంత ఘాటైన ఆమ్లం రాబందు కడుపులో ఉంటుంది.

ఎందుకు పోయాయో చాలా ఏళ్ళు ఎవరికీ తెలీలేదు. ఏదో వైరస్ అనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూసిన శాస్త్రవేత్తలు డైక్లోఫెనాక్ అని తేల్చారు, మనం మోకాలు నొప్పికి వేసుకునేదే, పశువులకి సూదిగా ఇచ్చేవాళ్ళు. సూది పడిన పశువు ఒకటి రెండు రోజుల్లో చస్తే మాంసంలో మందు మిగిలిపోతుంది, తిన్న రాబందుకి కిడ్నీలు పోతాయి, లోపలి భాగాల మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది, మెడ వాల్చేసి కొమ్మ మీద నుంచి పడిపోతుంది. దేశంలో ఉన్న కళేబరాల్లో ఒక్క శాతం కన్నా తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా చాలు జాతి మొత్తం పోడానికి, ఎందుకంటే ఒక్క ఎద్దు మీద యాభై పక్షులు కూర్చుంటాయి, పైగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99 కంటే ఎక్కువే పోయాయి. ఇంత వేగంగా పడిపోయిన పక్షి జాతి ఇంకోటి నాకు తెలిసి లేదు.

ఆ మందు మా బాపు పెట్టెలో ఉండేది.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉండగా ఇది చదివి, పండక్కి ఊరికి పోయినప్పుడు చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎద్దు లేవలేకపోతే సూదేసేటోణ్ని, తెల్లారెవరకు లేసి నిలబడేది, ఆ రైతు మొఖం సూస్తే మనకు అన్నం తిన్నట్టుండేది. నాకెవ్వరు జెప్పలే బిడ్డా" అన్నాడు. ఎవరూ చెప్పని మాట నిజమే. 2006లో పశువులకి వాడొద్దని నిషేధించారు, కానీ ఊళ్ళలో షాపుల్లో మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పెట్టి అవే పశువులకి అమ్మారు, ఆ సీసా 3 ఎంఎల్ మించి ఉండకూడదని రూలు రావడానికి 2015 దాకా పట్టింది. దాని బదులు వాడగలిగే మెలాక్సికమ్ అనే నొప్పి మందు రాబందులకి ఏం చెయ్యదని 2006 నాటికే తెలుసు, ధర కొంచెం ఎక్కువని పక్కన పెట్టారు. రాబందుల్ని అలాగే చంపే ఇంకో రెండు నొప్పి మందులు, కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్, వాటిని పశువులకి వాడటం మీద నిషేధం 2023లో గానీ రాలేదు. అన్ని ఏళ్ళు ఎందుకు ఆగాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఆ కాలం తలుచుకుంటే కోపం వస్తుంది.

ఇంకో కోపం కూడా ఉంది, చెప్పేస్తా. పేపర్లో లంచగొండి అంటే రాబందు, వడ్డీ వ్యాపారి అంటే రాబందు. బతికున్న దాన్ని ముట్టుకోని పక్షి అది! మా ఊళ్ళో ఇంటి మీద వాలితే అరిష్టమని ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు. ఇంకోపక్క లేపాక్షికి పోయి పెద్ద జటాయువు బొమ్మ ముందు ఫోటోలు దిగుతాం, సీతమ్మ కోసం రెక్కలు పోగొట్టుకున్నాడని కళ్ళు తుడుచుకుంటాం.

వాతావరణం సంగతి అడిగారు కదా. స్పెయిన్‌లో మ్యాడ్ కౌ జబ్బు భయంతో 2001 తర్వాత చచ్చిన పశువుల్ని పొలాల్లో వదలకూడదని రూలు పెట్టారు, లారీలు తిరిగి కళేబరాలు ఎత్తుకెళ్ళి ఫ్యాక్టరీల్లో కాల్చడం మొదలుపెట్టారు, రాబందులు ఉచితంగా చేసే పనికి డీజిల్ పోశారన్నమాట. దానివల్ల ఏడాదికి 77,344 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు గాలిలో కలిశాయని 2015లో లెక్క తేలింది. అది ఒక్క స్పెయిన్ లెక్క. అన్నన్ని పశువులున్న మన దేశం సంగతి మీరే ఆలోచించండి.

ఇంకా పెద్ద ఉదాహరణ ఆఫ్రికాలో సెరెంగెటి అనే గడ్డి మైదానం. అక్కడ విల్డబీస్ట్ అని ఆవు లాంటి జంతువు, పశువుల నుంచి అంటుకున్న ముసర జబ్బుతో డెబ్బై ఏళ్ళు చచ్చి చచ్చి మూడు లక్షల లోపుకి పడిపోయింది. చుట్టుపక్కల పశువులకి టీకాలేస్తే 1960ల్లో జబ్బు పోయింది, పదిహేనేళ్ళలో మందలు పది లక్షలు దాటాయి. అవి గడ్డి మేసేసరికి ఎండాకాలంలో తగలబడటానికి గడ్డి మిగల్లేదు, మంటలు తగ్గాయి, మంటలు తగ్గితే చెట్ల మొలకలు బతికాయి, ఒకప్పుడు కార్బన్ బయటికి వదిలే ఆ నేల ఇప్పుడు లోపలికి తీసుకుంటోంది. అక్కడ ఎవరూ బోనులు తెరిచి జంతువుల్ని వదల్లేదు, టీకా ఆవుకి వేశారు, అడవి దానంతట అదే నిండింది. మా బాపు పెట్టె సంగతి కూడా ఇదే కదా, పశువుకి ఏ సూది వేస్తున్నాం అన్నదాని మీదే అడవి జంతువు రావడం ఆధారపడి ఉంది. అది వదిలేసి ప్రతి వానాకాలం రోడ్డు పక్కన కోనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్లు నాటి పర్యావరణం అంటే నేను ఒప్పుకోను, ఏళ్ళ తరబడి నాటి ఇప్పుడు అవే పీకేస్తున్నారు.

2013లో మా బెజ్జూరు అడవిలోనే పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు దొరికాయి, అటవీశాఖ వాళ్ళు కాపలా పెట్టారు. ఒక జనవరిలో బాపుని తీసుకుపోయా. కింద పెద్దవాగు, ఎదురుగా నిలువు రాయి, దాని మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు, ఆ చారల పైన చూస్తే గూడు ఉంటుందని కాపలా అతను చెప్పి బైనాక్యులర్ ఇచ్చాడు. బాపుకి అది కంటికి కుదరలేదు, పక్కన పెట్టేసి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. పన్నెండు లెక్కపెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత చుట్టుపక్కల సూదులేసే కుర్రాళ్ళందరి దగ్గరికీ తనే పోయి, సీసా మీద పేరు చదివించి, మెలాక్సికమ్ అయితేనే వెయ్యమని చెప్పొచ్చాడు.

పెంచి వదలడం అనేది దీని తర్వాతి పని. హర్యానాలో పింజోర్‌లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఇరవై ఏళ్ళుగా రాబందుల్ని పెంచుతున్నారు, 2024 జనవరిలో 20 పక్షుల్ని మహారాష్ట్రలో పెంచ్, తడోబా అనే పులుల అడవులకి తెచ్చారు, కొన్నాళ్ళు అక్కడి వాతావరణానికి అలవాటు చేసి వదిలారు. కొన్ని చచ్చిపోయాయి, ఒకటి ఏకంగా తమిళనాడు దాకా ఎగిరిపోయింది. తడోబా మాకు దగ్గరే, పులులు అక్కణ్నుంచి మా వైపు నడిచే వస్తాయి, ఇక రాబందుకి అదెంత దూరం. అందుకే సిర్పూర్, చెన్నూరు, మంచిర్యాల వైపు వాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. వీపు మీద చిన్న యంత్రం కట్టి ఉన్న పెద్ద పక్షి నీరసంగా నేల మీద కూర్చుని కనపడితే అది జీపీఎస్, భయపడి రాళ్ళు వెయ్యకండి, చుట్టూ గుమిగూడి ఫోటోలు దిగకండి, కుక్కల్ని దూరంగా తోలి దగ్గర్లో ఉన్న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.