డెకాల్ చుట్టూ వెండి మెరుపు

విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చేసిన మిగ్-21 యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడల్ ఫోటో చూశాను. కాక్‌పిట్ శుభ్రంగా వచ్చింది. గ్రే రంగు కూడా చారలు లేకుండా పడింది. రెక్కల మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ గుండ్రాల చుట్టూ మాత్రం ఏదో తెల్లటి పొర మెరుస్తోంది. ‘డెకాల్స్ పాతవేమో మామయ్యా’ అని రాశావు. డెకాల్స్, అంటే నీళ్లలో తడిపి అంటించే ఆ పల్చటి బొమ్మలది తప్పేం లేదురా. నువ్వు మ్యాట్ రంగు (మెరుపు లేని రంగు) మీద నేరుగా అంటించేశావు.

మ్యాట్ రంగు వేలికి నున్నగా తగిలినా, భూతద్దంలో చూస్తే గరుకు కాగితమే. డెకాల్ పొర ఆ గరుకు కొనల మీదే ఆనుకుంటుంది. మధ్య గుంటల్లో గాలి ఉండిపోతుంది, వెలుతురు పడితే అదే వెండిలా మెరుస్తుంది. దీన్నే సిల్వరింగ్ అంటాం. అందుకే ఈ పనిలో సగం, డెకాల్ నీళ్లలో పడకముందే తేలిపోతుంది. రంగు పూర్తిగా ఆరాక గ్లాసీ వార్నిష్ పల్చగా రెండు మూడు కోట్లు వెయ్యి. ఒక్కసారే చిక్కగా వేశావో, ప్యానెల్ లైన్లు, అంటే మోడల్ మీద చెక్కిన సన్న గీతలు పూడిపోతాయి. రెండు రోజులు ఆరనిచ్చి ట్యూబ్‌లైట్ కింద పట్టుకో. లైటు గీత రెక్క మీద చెదరకుండా కనబడితే మొదలుపెట్టొచ్చు. మసగ్గా ఉంటే ఇంకో కోటు.

బోరు నీళ్లు వాడకు, ఆరాక తెల్లటి మరకలు పడతాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చగా చేసుకో. డెకాల్ చుట్టూ ఖాళీగా ఉన్న పారదర్శక పొరని కొత్త బ్లేడుతో, గుండ్రం అంచుకి దగ్గరగా కత్తిరించు. లేని పొర మెరవదు కదా! ఒక్కొక్కటే నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద పెట్టు. ఒక నిమిషం ఆగితే కాగితం మీద అదే జారుతుంది. నీళ్లలోనే తేలేదాకా వదిలేస్తే జిగురంతా పోతుంది.

నీకు రెండు సీసాలు కావాలి. నీలం లేబుల్‌ది మైక్రో సెట్. వెనిగర్ వాసన వస్తుంది. డెకాల్ పెట్టబోయే చోట ముందు దాన్ని బ్రష్‌తో రాయాలి. (నా కుర్రతనంలో అది దొరక్క వంటింటి వెనిగరే వాడాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.) డెకాల్‌ని దాని మీదకి జార్చి, తడి బ్రష్‌తో సరైన చోటికి చేర్చి, ఇయర్ బడ్‌ని మధ్య నుంచి అంచులకి దొర్లించు. రుద్దకు, దొర్లించు.

ఎర్ర లేబుల్‌ది మైక్రో సోల్. డెకాల్ కుదురుకున్నాక పైన రాస్తే పొర మెత్తబడి, ప్యానెల్ లైన్లలోకి, రివెట్ల మీదకి అతుక్కుపోతుంది. ఇక్కడే అందరికీ టెన్షన్. రాసిన కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది, పాడైపోయిందనిపిస్తుంది. ముట్టుకోవద్దు! ఆరేకొద్దీ తనంతట తనే సర్దుకుంటుంది. ఒకసారి నేను ఆ ముడత సరిచేద్దామని వేలు పెట్టాను. గుండ్రం సగం వేలికే వచ్చింది. ఆ విమానం ఇప్పటికీ బీరువాలో గోడవైపు తిరిగి ఉంది. ఆరాక కూడా లైన్ మీద పొర వంతెనలా నిలిచి ఉంటే, బ్లేడు మొనతో ఆ గీత వెంట కోసి మళ్లీ సోల్ రాయి. తమియా కంపెనీ డెకాల్స్ కాస్త మందం, వాటికి రెండు మూడు సార్లు రాయాల్సి వస్తుంది.

నువ్వు ఇప్పటికే అంటించినవి పీకెయ్యకు. మెరుస్తున్న చోట సన్న సూదితో పొడిచి, ఆ చిల్లుల మీద సోల్ రాసి రాత్రంతా వదిలెయ్. పొద్దున చూసి మళ్లీ చెయ్యి. మొత్తం పోతుందని చెప్పలేను కానీ చాలావరకు తగ్గుతుంది.

అన్నీ అయ్యాక తడి గుడ్డతో జిగురు మరకలు తుడిచెయ్, లేకపోతే తర్వాత పసుపు పచ్చగా తేలతాయి. మర్నాడు మళ్లీ గ్లాసీ కోటు. ఇది చాలామంది వదిలేస్తారు, నేను మాత్రం వదలను. మిగ్ రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 72వ వంతు మోడల్‌లో సుమారు పది సెంటీమీటర్లు. డెకాల్ మందం వెంట్రుకలో సగమే అనుకో, 72 రెట్లు పెంచితే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. అసలు విమానం మీద రంగు అంత మెట్టుగా ఉంటుందా? బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియంకి వెళ్లినప్పుడల్లా నేను అక్షరాల అంచులే చూస్తాను, అక్కడి గార్డుకి నా మీద అనుమానం కూడా. కాబట్టి కోటు ఆరాక 2000 నంబరు గరుకు కాగితాన్ని తడిపి, అంచు మీద చాలా తేలిగ్గా తిప్పు. రంగు కనబడేలోపే ఆపెయ్. ఇంకో పల్చటి కోటు, చివర్లో మ్యాట్.

ఆ మ్యాట్ వర్షం పడుతున్న రోజు మాత్రం కొట్టకు. గాలిలో తేమ ఉంటే వార్నిష్ పాలిపోయి మంచు పట్టినట్టవుతుంది. మా విశాఖలో జూలై, ఆగస్టుల్లో నేను స్ప్రే క్యాన్ ముట్టను. మీ హైదరాబాద్‌లో ఎండ కాసిన మధ్యాహ్నం చూసుకో.

1963లో వచ్చిన మిగ్‌లు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి కదా, నీ దానికి తొందరేం లేదు. తోక మీది మూడు రంగుల పట్టీ ఇంకా అంటించలేదన్నావు, దాన్ని అలాగే ఉంచు. ముందు షీటులో నీకు అక్కర్లేని నంబరు ఒకటి కత్తిరించి, పాత రెక్క ముక్క మీద ఇదంతా చేసి చూడు. ఆదివారం వీడియో కాల్‌లో చూపించు, పట్టీ సంగతి అప్పుడు చూద్దాం.

మీ అమ్మకి అడిగానని చెప్పు.

మామయ్య