మా అన్నయ్య లాంటి వాళ్ల మనసు మీద రీసెర్చ్ చేయాలనుంది, దారేంటి?

ప్రశ్న: ఖమ్మంలో బీఏ సైకాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. మా అన్నయ్యకి డౌన్ సిండ్రోమ్. ఏడాదిగా ఎవరితోనూ కలవడం లేదు, టీవీ కూడా చూడట్లేదు. డాక్టర్‌ని అడిగితే "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అన్నారు. ఇలాంటి వాళ్ల మానసిక ఆరోగ్యం మీద పరిశోధన చేయాలనుంది. నాన్న ఉద్యోగాలుండవంటున్నారు.

జవాబు: ముందు అన్నయ్య సంగతి చూడమ్మా, కెరీర్ తర్వాత. "ఇంతే" అన్నారని ఊరుకోవద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ తేడా, వినికిడి తగ్గడం ఎక్కువ, డిప్రెషనూ వస్తుంది, మూడింట్లో ఏది వచ్చినా మనిషి ఇలాగే ముడుచుకుపోవచ్చు. రక్తపరీక్ష, చెవి పరీక్ష చేయించి సైకియాట్రిస్ట్‌కి చూపించండి.

నీకు ఎదురైనదానికి ఒక పేరుంది, డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్. అంటే ఏ లక్షణం కనిపించినా వైకల్యం ఖాతాలో వేసేసి అసలు జబ్బుని చూడకపోవడం. 1982లో అమెరికాలో స్టీవెన్ రీస్ బృందం దీని గురించి రాసింది. 2007లో గ్లాస్గోలో శాలీ-ఆన్ కూపర్ బృందం మేధో వైకల్యం (డౌన్ సిండ్రోమ్‌లో లాగా తెలివి ఎదుగుదల తక్కువగా ఉండటం) ఉన్న 1,023 మంది పెద్దవాళ్లని పరిశీలిస్తే, డాక్టర్ల అంచనా ప్రకారం 40.9 శాతం మందికి మానసిక సమస్య ఉంది, అదే మనుషుల్ని మామూలు డీఎస్ఎం (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే అమెరికా ప్రామాణిక పుస్తకం) కొలతతో చూస్తే 15.7 శాతమే! ఆ కొలతలు చాలావరకు మనిషి తన లోపలి సంగతి తాను చెప్పుకోగలడన్న నమ్మకం మీద తయారైనవి. మరి చెప్పుకోలేని వాళ్లని ఎలా కనుక్కోవాలి? నువ్వు చేయబోయే రీసెర్చ్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక స్పెషల్ స్కూల్లో మాటలు రాని 19 ఏళ్ల కుర్రాణ్ని చూశాను. రోజూ భోజనాల వేళకి తన చెంప తానే కొట్టుకునేవాడు. కోపం తగ్గడానికని మందులు వాడుతున్నారు. ఫ్రిజ్ నీళ్లు తాగాకే కొట్టుకుంటున్నాడని కనిపెట్టింది అక్కడి ఆయా. నోరు తెరిపించి చూస్తే వెనక పన్ను పుచ్చిపోయి ఉంది. అందుకే పీజీలో చేరేముందు ఆర్నెల్లయినా అలాంటి చోట పనిచెయ్యి, ఆయాల పక్కన కూర్చో, తల్లులు చెప్పేది విను.

చదువు విషయానికొస్తే, పీజీ సైకాలజీ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ లేదా రిహాబిలిటేషన్ సైకాలజీ కోర్సు చెయ్యి. నిబంధనలు మారుతున్నాయి కాబట్టి చేరేముందు ఆర్‌సీఐ జాబితా చూసుకో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న ఎన్‌ఐఈపీఐడీ ఈ రంగానికే పెట్టిన జాతీయ సంస్థ. పాత పేరు ఎన్‌ఐఎంహెచ్ కావడంతో చాలామంది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌తో కలిపేసుకుంటారు, రెండూ వేరు, రెండూ నీకు పనికొచ్చేవే. నాన్నగారికి చెప్పు: ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంటే ఆసుపత్రుల్లో, పునరావాస కేంద్రాల్లో పని చేసుకోవచ్చు, యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదట్లోనే నెలకి 37,000 రూపాయలు. త్వరగా సంపాదన మొదలవ్వాలంటే మాత్రం ఇది నిదానం దారి, ఆ మాట ఇంట్లో ముందే చెప్పెయ్.

తెలుగులో చేయాల్సిన పని చాలా ఉంది. "డిప్రెస్డ్‌గా ఉందా" అన్న ప్రశ్నని దిగులు అనాలా, గుబులు అనాలా, బొమ్మ చూపించి అడగాలా? పరిశోధనలో చేరడానికి తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలనుకోకుండా, ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి అతని ఇష్టం ఎలా తెలుసుకోవాలి? ఇలాంటి ఒక్క ప్రశ్న తీసుకున్నా పీహెచ్‌డీకి సరిపోతుంది.

ఇవాళే ఒక నోట్‌బుక్ తీసి అన్నయ్య ఎప్పుడు నిద్రపోతున్నాడు, ఎంత తింటున్నాడు, ఇదివరకు ఇష్టంగా చేసే ఏ పని మానేశాడు, తేదీలు వేసి రెండు వారాలు రాయి. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది చేతిలో ఉండాలి.