బోరు నీటి కొలనుకు ఉప్పు యంత్రం పెట్టించుకోవాలా?

శంకర్‌పల్లి దగ్గర తోటలో ఇల్లు కట్టిస్తున్నామని, అందులో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పున ఈతకొలను కూడా తవ్విస్తున్నామని, పిల్లల కళ్ళకూ చర్మానికీ మంచిదంటూ కాంట్రాక్టరు ఉప్పునీటి యంత్రం పెట్టించుకోమంటున్నాడని, మామూలు క్లోరిన్ కంటే అది నిజంగా మేలా అని మీరు అడిగారు. మీ కొలనులోకి వచ్చేది బోరు నీరైతే వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చేవెళ్ళ వైపు మేము కొన్న ఇంటితో పాటు అలాంటి యంత్రం ఒకటి మాకు సంక్రమించింది. దానితో కొన్నేళ్ళు వేగి, చివరికి తీయించివేసి, ద్రవ క్లోరిన్‌కు మారిన తరువాతే మాకు నిశ్చింత దొరికింది.

ఉప్పునీటి కొలను అని అమ్ముతున్న దానిలోనూ ఈదేవాళ్ళ ఒంటికి తగిలేది క్లోరినే. లీటరుకు 3 గ్రాముల పైచిలుకు ఉప్పు కలిపిన నీరు, రుథీనియం లేదా ఇరిడియం ఆక్సైడు పూత ఉన్న టైటానియం పలకల మధ్య నుంచి పోతున్నప్పుడు, ఆ పలకలకు ఇచ్చిన విద్యుత్తు ఉప్పులోని క్లోరైడును క్లోరిన్‌గా మారుస్తుంది. అది నీటిలో కలిసి, మనం క్యాన్లలో కొని పోసే ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైటు, చేసే పనే చేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కనుక దానితో పోలిస్తే ఈ ఉప్పదనం నాలుకకు పెద్దగా తెలియదు. అయినా మన ఏజెంట్లు 'కెమికల్స్ లేని పూల్ సార్' అనే మొదలుపెడతారు. ఆ మాట చెప్పిన మనిషే మరుసటి వారం యాసిడ్ క్యాన్లనూ, క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయన్యూరిక్ యాసిడ్ బస్తానూ బిల్లులో వేస్తాడు. యంత్రం నడిచేకొద్దీ నీటి పీహెచ్ పైకి, అంటే క్షారం వైపుకు, పోతూ ఉంటుంది. దాన్ని యాసిడ్‌తో దించకపోతే ఉన్న క్లోరిన్ కూడా మందగిస్తుంది. మామూలు నీటిలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటే, 8 దగ్గరకు వచ్చేసరికి మిగిలేది దాదాపు నాలుగో వంతే.

అసలు చిక్కు మన బోర్లతో వస్తుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం కఠినత్వం, అంటే నీటిలో కరిగిన సున్నం వంటి వాటి పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే గతి లేనప్పుడు 600 దాకా ఓర్చుకోవచ్చు. మా బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయిస్తే 700 దాటింది. మీ కొలను సగటు లోతు మీటరున్నర అనుకుంటే అందులో 48,000 లీటర్ల నీరు పడుతుంది. ఎండాకాలంలో రోజుకు 7, 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందంటే, రోజూ సుమారు 240 లీటర్ల బోరు నీరు మళ్ళీ నింపాలన్నమాట. ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం కొలనులోనే ఉండిపోతుంది. మా బోరు లెక్కన రోజుకు 170 గ్రాములు, నెలకు 5 కిలోలు కొత్తగా చేరి, కొలను నీటి కఠినత్వం ప్రతి వేసవి నెలలోనూ మరో వంద పెరుగుతుంది. ఉప్పు యంత్రంలో రుణ పలక దగ్గర నీరు క్షారంగా మారుతుంది కనుక, నీటిలో కరిగి ఉన్న ఆ సున్నం సరిగ్గా అక్కడే గడ్డకడుతుంది. పలకల ధ్రువాలను అటూ ఇటూ మారుస్తూ యంత్రం తనను తానే శుభ్రం చేసుకుంటుందని కరపత్రంలో రాసి ఉంటుంది. మెత్తని నీటిలో అది నిజమే గాని, 700 దాటిన నీటిలో ఆ శుభ్రత ఎంతవరకో మేము కళ్ళారా చూశాము.

మా చిన్నమ్మాయి పెళ్ళైన తరువాత వచ్చిన మొదటి వేసవిలో వియ్యాలవారిని తోటకు భోజనానికి పిలిచాము. వాళ్ళ పిల్లలంతా ఈత దుస్తులు తెచ్చుకుంటున్నారని ముందే కబురు వచ్చింది. రేపు వస్తారనగా మధ్యాహ్నం చూస్తే నీటిలో పచ్చదనం కనిపిస్తోంది, మెట్ల మీద కాలు పెడితే జారుతోంది. యంత్రం మీద 'ఉప్పు తక్కువ' అనే ఎర్ర దీపం వెలుగుతోంది. టెక్నీషియన్‌కు ఫోను చేస్తే, తాను వచ్చి చూడకుండానే, రెండు బస్తాల ఉప్పు పోయించండి అన్నాడు. మా తోట చూసుకునే అతను అప్పటికే బస్తా మూతి విప్పి, 'సార్, పోయిన నెల గూడ గిట్లనే చెప్పిండు, అప్పుడు గూడ పోసినం, గీ ఉప్పంత యాడికి పోతాంది?' అని అడిగాడు. నిజానికి ఆ ప్రశ్న టెక్నీషియన్‌కు రావాలి. ఉప్పు ఆవిరి కాదు. నీటిని బయటికి వదిలితే తప్ప తగ్గదు. వంటింట్లో ఆర్వో నీటిని చూసుకోవడానికి పెట్టుకున్న టీడీఎస్ పెన్నును, అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరాన్ని, తెచ్చి కొలనులో ముంచితే లీటరుకు 5,800 మిల్లీగ్రాములు చూపింది. బోరు నీటి సొంత లవణాలను, అవి చిక్కబడి పెరిగిన మేరతో సహా, తీసివేసినా, ఉప్పు తక్కువని అనడానికి ఆస్కారం లేదు. మా యంత్రం ఉప్పును నేరుగా కొలవదు, పలకల మధ్య ఎంత కరెంటు పారుతోందో చూసి ఊహిస్తుంది. పలకలకు సున్నం పట్టి కరెంటు తగ్గితే, ఉప్పు తగ్గిందని చెబుతుంది.

పంపు ఆపించి, రెండు వైపులా నట్లు విప్పి సెల్‌ను, అంటే పలకలుండే భాగాన్ని, బయటికి తీశాము. పలకకూ పలకకూ మధ్య ఉండవలసిన సందు దాదాపు కనిపించలేదు. గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లని సుద్దే ఇక్కడ అంచుల దగ్గర గుత్తులుగా పెరిగి, ఒక మూల రెండు పలకలను అతికించివేసింది. నీళ్ళలో కొద్దికొద్దిగా యాసిడ్ కలిపి అందులో ముంచితే బుసబుసమని నురగ పొంగి బకెట్టు అంచు దాటింది. నురగ తగ్గాక చూస్తే సుద్ద పోయింది గాని, దానితో పాటు ఒకటి రెండు చోట్ల పలకల మీది నల్లని పూత కూడా లేచిపోయి లోపలి లోహం బయటపడింది. ప్రతి యాసిడ్ స్నానమూ ఆ పూతను కొంత తింటుంది, పూత పోయిన సెల్ ఇక పనికిరాదు. కొత్త సెల్ ధర అడిగితే మొత్తం యంత్రం ధరలో సగం దాటింది.

ఆ రోజుకు మా పరువు నిలబెట్టింది కోళ్ళఫారాలకు మందులు అమ్మే దుకాణంలో దొరికిన ద్రవ క్లోరిన్. మోటారు సైకిలు మీద క్యాన్ కట్టుకుని తెచ్చి, పొద్దు కుంకిన తరువాత కొలను చుట్టూ తిరుగుతూ పోసి, గోడలు బ్రష్‌తో రుద్ది, రాత్రంతా పంపు నడిపించాము. తెల్లవారేసరికి పచ్చదనం పోయింది, నీరు మాత్రం మసకగా ఉంది. వియ్యంకుడు గారు మర్యాదకు ఏమీ అనకపోయినా మధ్యాహ్నం దాకా పిల్లలను దిగనివ్వలేదు, అంత మోతాదు పోసిన నీటి విషయంలో ఆయన చేసింది సరైన పనే. టెక్నీషియన్ మాత్రం రెండు రోజుల తరువాత వచ్చి, ఉప్పు పోయనందుకు మమ్మల్నే తప్పుపట్టాడు.

ఉప్పు గురించి అమ్మేవాళ్ళు చెప్పని మరో సంగతి దాని పారుదల. ఇసుక ఫిల్టరును వెనక్కి కడిగిన ప్రతిసారీ సుమారు 500 లీటర్ల నీరు బయటికి పోతుంది, అంటే కిలోన్నర ఉప్పు మీ నేలలోకి పోతుంది. మా ఇల్లు కట్టించినవారు ఆ గొట్టాన్ని మామిడి చెట్ల కాలువకు కలిపారు. ఆ వరుసలో చెట్ల ఆకులు కొసల నుంచి మొదలై అంచుల వెంట గోధుమరంగుకు తిరిగి ఎండిపోతూ ఉండేవి. తెగులని రెండేళ్ళు మందులు కొట్టించారట. ఉప్పును ఓర్చుకునే కొబ్బరి చెట్లు మాత్రం అదే గట్టున పచ్చగా ఉన్నాయి. కొలను గట్టుకు పరచిన తాండూరు రాయిదీ అదే గతి. నీళ్ళు చిందే అంచుల్లో ఉప్పు రాయి రంధ్రాల్లోకి పోయి, ఎండకు స్ఫటికాలుగా బిగిసి, రాయిని పొరలు పొరలుగా లేపేస్తుంది. పిల్లల అరికాళ్ళకు గుచ్చుకునేంత గరుకు తేలిన తరువాత గట్టంతా గ్రానైటుతో మార్పించాము. నిచ్చెన 304 రకం స్టీలుది కావడంతో దానికీ తుప్పు మచ్చలు పడ్డాయి.

పిల్లల కళ్ళ విషయంలో మీ ఆందోళన సహజమే. లీటరుకు 3 గ్రాముల ఉప్పున్న నీరు మామూలు నీటి కంటే కన్నీటికి కొంత దగ్గరగా ఉంటుంది కనుక కళ్ళకు హాయిగా అనిపించే మాట నేను కాదనను. అయితే కళ్ళు ఎర్రబడడానికీ, పూల్ దగ్గర వచ్చే ఆ ఘాటు వాసనకూ క్లోరిన్ కంటే క్లోరమైన్లు పెద్ద కారణం. చెమటలోని, మూత్రంలోని యూరియా, అమ్మోనియాలతో క్లోరిన్ కలిసి పుట్టేవి అవి. అవి ఉప్పు యంత్రం ఉన్న కొలనులోనూ పుడతాయి. మన ఇళ్ళలో తలకు కొబ్బరినూనె రాసుకుని, వంటింటి చెమటతో, రంగు వెలిసే చుడీదారుతో నేరుగా కొలనులోకి దిగే బంధువులను ఆపడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. గట్టు మీద ఒక షవరు పెట్టించి, స్నానం చేయనివారిని మొహమాటం లేకుండా వెనక్కి పంపగలిగితే మీ పిల్లల కళ్ళకు సగం మేలు జరుగుతుంది. మా ఇంట్లో ఆ పని నా భార్య చేస్తుంది, ఆమె మాట ఎవరూ జవదాటరు.

ఇప్పుడు మేము చేస్తున్నది చాలా సాదా పని. ఎండకు క్లోరిన్ గంటల్లో ఎగిరిపోకుండా సయన్యూరిక్ యాసిడ్‌ను 30 నుంచి 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఒకసారి కలిపి ఉంచాము. రోజూ సాయంత్రం పది శాతం ద్రవ క్లోరిన్‌ను వేసవిలో లీటరు నుంచి లీటరున్నర దాకా, చలికాలంలో అందులో సగం పోస్తాము. 48,000 లీటర్ల కొలనులో అరలీటరు పోస్తే సుమారు 1 పీపీఎం పెరుగుతుంది కనుక లెక్క కూడా తేలికే. పసుపు రంగు తేలే చుక్కల కిట్టు మొత్తం క్లోరిన్‌ను చూపుతుంది, క్లోరమైన్లను విడదీయదు. గులాబీ రంగు తేలే డీపీడీ కిట్టు కొనుక్కోండి. ద్రవ క్లోరిన్ ఎండలో ఉంటే వారాల్లోనే బలం కోల్పోతుంది కాబట్టి, దుకాణం ముందు ఎండలో పేర్చిన క్యాన్లను కొనకండి. వానాకాలంలో డాబా మీది వాననీటిని వడకట్టి కొలనులోకి మళ్ళించాము. అందులో సున్నం ఉండదు కనుక వేసవిలో పేరుకున్న కఠినత్వాన్ని అదే విరుస్తుంది. ఊళ్ళో లేనప్పుడు ఎలా అంటారేమో, చుక్కలు చుక్కలుగా పోసే చిన్న డోసింగు పంపులు దొరుకుతాయి, వాటి ఖరీదు ఉప్పు యంత్రం ముందు లెక్కలోనిది కాదు. ద్రవ క్లోరిన్ కూడా చివరికి ఉప్పుగానే మిగులుతుంది గాని, బస్తాలకు బస్తాలు పోసినంత త్వరగా పేరుకోదు.

క్లోరిన్ బిళ్ళలు తేలే బుట్టలో వేసి మరిచిపోవచ్చని కొందరు సలహా ఇస్తారు. రొయ్యల చెరువుల వాళ్ళకు పరిచయమైన టీసీసీఏనే (ట్రైక్లోరోఐసోసయన్యూరిక్ యాసిడ్) ఆ బిళ్ళల్లోనూ ఉంటుంది. అవి 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా 6 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్‌ను కూడా దించుతాయి. అది ఎటూ పోదు, పెరిగేకొద్దీ క్లోరిన్‌ను బంధించివేస్తుంది, చివరికి సగం కొలను ఖాళీ చేయించాలి. బ్లీచింగ్ పౌడరు వేస్తే అందులోని కాల్షియం మన బోరు నీటికి తోడవుతుంది. ఆ బిళ్ళలనూ ఈ పౌడరునూ ఒకే చెంచాతో తీయకండి, ఒకే డబ్బాలో కలవనివ్వకండి, నిప్పు పుడుతుంది. యాసిడ్ క్యాన్‌నూ క్లోరిన్ క్యాన్‌నూ కూడా ఒకే పంపు గదిలో పక్కపక్కన పెట్టనివ్వకండి.

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది ఇంట్లో ఉప్పు యంత్రం ఏళ్ళ తరబడి చక్కగా నడుస్తోంది, అతను నా మాటలు విని నవ్వుతాడు. అతనికి కుళాయిలో వచ్చేది మున్సిపాలిటీ నీరు, కఠినత్వం మా బోరుతో పోలిస్తే ఎంతో తక్కువ, కరెంటు వోల్టేజి గంటకోసారి కిందా మీదా పడదు, గట్టు కాంక్రీటుది. మీకు కూడా అలాంటి నీరు, అంటే కఠినత్వం 200 లోపు ఉన్న నీరు ఏడాది పొడవునా దొరికే పక్షంలో యంత్రం పెట్టించుకోండి. అప్పుడు కూడా సెల్ ధరను విడిగా రాసిమ్మని కాంట్రాక్టరును అడగండి, శుద్ధి చేసిన ఉప్పునే వాడించండి. మేస్త్రీ తెచ్చే దొడ్డుప్పులో కాల్షియం, మెగ్నీషియం, మట్టి అన్నీ ఉంటాయి. కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక సీసాడు బోరు నీటిని ల్యాబుకు పంపండి. వేసవిలో తీసిన నీరైతే మరీ మంచిది, ఎందుకంటే మా బోరులో వానాకాలపు అంకెకూ మే నెల అంకెకూ చాలా తేడా వచ్చింది.