డిప్రెషన్ ఉన్న మనిషిని చూసుకునే ఇంట్లో డబ్బు ఎటు పోతుంది?

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయనకు డిప్రెషన్. నేను బట్టల షాపులో పనిచేస్తాను. మందులకు అయ్యేది తక్కువే, అయినా నెలాఖరుకి చేతిలో రూపాయి ఉండదు. ఎందుకు?

జవాబు: మందుల బిల్లు కంటికి కనిపిస్తుందమ్మా, రాని జీతం కనిపించదు. ఆయన సంపాదన ఆగింది. ఆయన్ని ఒంటరిగా వదల్లేక మీరు పెట్టే సెలవులకు జీతం కోత. ఓపీ చీటీ, డాక్టరు, మందుల కౌంటర్ అయ్యేసరికి పూట గడిచిపోతుంది. ఇక ఇంట్లో స్నానానికి లేపడం, నాలుగు ముద్దలు తినిపించడం, మాత్ర నిజంగా మింగారా అని చూడడం. ఈ చాకిరీకి జీతం లేదు. చుట్టాలేమో తాయత్తు కట్టించమని ఇంకో ఖర్చు చెప్పిపోతారు!

మందు పనిచేయడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు, ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి అప్పు చేసి ప్రైవేటుకు పరిగెత్తకండి, మీ ఊళ్లోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి. ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా వర్తించాలి. ఆయన నోట చావు మాట వచ్చినా, మీకే టెన్షన్ తట్టుకోలేనంత అయినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రిపూట కూడా తెలుగులో మాట్లాడతారు.