పండగ పూట డ్యూటీ: ఓ నర్సు తండ్రికి జవాబు

ప్రశ్న: మాది గుంటూరు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తోంది. యూకే వెళ్తానంటోంది. అక్కడ క్రిస్మస్ రోజున కూడా డ్యూటీ వేస్తారని, అడిగినా సెలవివ్వరని మా బంధువులబ్బాయి చెప్పాడు. మాది క్రైస్తవ కుటుంబం. పండగ పూట పిల్ల ఆ చలిలో ఒక్కతే ఉంటుందంటే వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదు. మెడికల్ కోడింగ్ (పేషెంట్ల రికార్డులను బిల్లింగ్ కోసం కోడ్‌లుగా మార్చే ఆఫీసు పని) నేర్పిస్తే ఈ పండగ డ్యూటీలు, నైట్లు ఉండవంటున్నారు. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. కేర్ అసిస్టెంట్ (వృద్ధులకు, రోగులకు రోజువారీ పనుల్లో సాయపడే కేర్ వర్కర్) వీసా అయితే త్వరగా వస్తుంది, మొత్తం ఏడు లక్షలవుతుందని ఒక ఏజెంటు చెబితే యాభై వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాం.

జవాబు: క్రిస్మస్ గురించి అంత రాసి, ఏజెంటు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. మీ ఉత్తరంలో భయపడాల్సింది దానికే. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడాన్ని యూకే ప్రభుత్వం 2025 జులై 22 నుంచి ఆపేసింది. లేని వీసాకు మీరు అడ్వాన్సిచ్చారు. వీసా ఉన్న రోజుల్లో కూడా, అక్కడి యజమాని వీసా కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను అమ్ముకోవడం తప్పే. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోవడాన్ని అక్కడి చట్టం ఒప్పుకోదు. మన దగ్గర లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరుందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే రసీదు, వాట్సాప్ మెసేజీలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు అన్నీ పోగు చేసుకుని పోలీసు స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వండి, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) ఆఫీసుకూ రాయండి. మిగతా ఆరున్నర లక్షలు మాత్రం కట్టొద్దు. ఇంకో మాట. ఐసీయూలో రెండేళ్లు చేసిన రిజిస్టర్డ్ నర్సును కేర్ అసిస్టెంటుగా పంపాలని ఎలా అనుకున్నారండీ? అది ఆమె చదివిన చదువుకు రెండు మెట్లు కింది పని.

ఇక క్రిస్మస్. ఈ ప్రశ్న డిసెంబరు దగ్గరపడే కొద్దీ ఎక్కువగా వస్తుంది. నర్సుల ఇళ్ల నుంచే కాదు, సూపర్‌మార్కెట్లలో, గోదాముల్లో పార్ట్‌టైమ్ చేసే స్టూడెంట్ల ఇళ్ల నుంచీ వస్తుంది. అడిగేది సెలవు గురించే అయినా అసలు బెంగ వేరు: నా బిడ్డను అక్కడ ఎవరైనా పట్టించుకుంటారా, ఒంటరిదైపోతుందా అని. ఆ బెంగకు తర్వాత వస్తాను. ముందు ఒక్కటడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు ఆర్టీసీలో చేశారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జనాన్ని ఊళ్లకు చేర్చడానికి స్పెషల్ బస్సులు వేస్తే, వాటిలో టిక్కెట్లు కొట్టింది ఎవరు? మీ ఇంట్లో పండగ డ్యూటీ కొత్తేం కాదు. మగవాడు చేస్తే బాధ్యత, కూతురు చేస్తే కష్టమా? పైగా ఈ రెండేళ్లలో డిసెంబరు 25న హైదరాబాద్ ఐసీయూ మూసేశారా? అక్కడా డ్యూటీ పడే ఉంటుంది. మీకు కనిపించలేదంతే, తెల్లారి బస్సెక్కి ఇంటికొచ్చింది కాబట్టి.

యూకేలో పండగ డ్యూటీ ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) ఆసుపత్రిలో రిజిస్టర్డ్ నర్సు బ్యాండ్ 5 అనే జీతాల మెట్టులో చేరుతుంది. ఇంగ్లండ్‌లో 2025-26 స్కేలు ప్రకారం మొదటి జీతం ఏడాదికి 31,049 పౌండ్లు, వారానికి 37.5 గంటల పని. అంటే గంటకు 15.88 పౌండ్లు. ఆదివారాల్లో, ప్రభుత్వ సెలవు దినాల్లో చేసిన ప్రతి గంటకూ దానిమీద 60 శాతం అదనం. శనివారాలు, మామూలు నైట్లు అయితే 30 శాతం. పొద్దున్న ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా సాగే లాంగ్ డేలో ఒక గంట బ్రేక్ పోతే జీతం లెక్కకు వచ్చేది పదకొండున్నర గంటలు. క్రిస్మస్ రోజున ఆ ఒక్క షిఫ్టుకు అదనంగా వచ్చేది దాదాపు 110 పౌండ్లు, ట్యాక్సు పోకముందు. ఇది కాక, పండగ రోజు ఎన్ని గంటలు పనిచేస్తే అన్ని గంటల సెలవు మరో రోజు తీసుకునే హక్కూ ఉంటుంది.

నైట్లలో ఒక కిటుకుంది. సెలవు రోజు రేటు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా లెక్క. డిసెంబరు 24 రాత్రి చేస్తే పన్నెండు దాటాకే పండగ రేటు మొదలవుతుంది. 25 రాత్రి చేస్తే పన్నెండు దాకా క్రిస్మస్, పన్నెండు దాటితే బాక్సింగ్ డే, అదీ సెలవు దినమే కాబట్టి షిఫ్టు మొత్తానికీ 60 శాతం పడుతుంది. పాతకాపులు 25 నైటుకు పేరిచ్చేది ఊరికే కాదు.

కొత్తగా వెళ్లిన మన పిల్లలు తడబడేది సెలవు గంటల దగ్గర. ఆఫర్ లెటర్లో 27 రోజుల సెలవు, దానికి తోడు 8 పబ్లిక్ హాలిడేలు అని చూసి 35 రోజులని సంబరపడతారు. షిఫ్టుల్లో చేసేవాళ్లకు చాలా ఆసుపత్రులు వీటిని గంటల్లోకి మార్చి ఒకే ఖాతాలో వేస్తాయి: 35 రోజులు, రోజుకు ఏడున్నర గంటల చొప్పున 262.5 గంటలు. ఒక లాంగ్ డే సెలవు పెడితే అందులోంచి పదకొండున్నర గంటలు పోతాయి. అంటే చేతికొచ్చేది ఇరవై రెండు షిఫ్టుల సెలవు, కాస్త చిల్లర. వారానికి సగటున మూడు లాంగ్ డేలే కాబట్టి మొత్తం మీద ఏడు వారాలు వస్తుంది, అన్యాయమేం లేదు. కానీ పండగ రోజు చేసినందుకు రావాల్సిన సెలవు అప్పటికే ఆ ఖాతాలో కలిసి ఉందని తెలియక, జనవరిలో విడిగా అడిగి, లేదనిపించుకుని, మోసం చేశారని ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తారు. చేరిన వారంలోనే వార్డు మేనేజర్‌ను అడగాలి: సెలవు దినాల గంటలు నా ఖాతాలో కలిపే ఉన్నాయా, విడిగా ఇస్తారా అని.

సెలవు అడిగినా ఇవ్వరన్న మీ బంధువులబ్బాయి మాట సగం నిజం. అడగడం ఆలస్యమైతే ఇవ్వరు. క్రిస్మస్ రోటా (డ్యూటీల పట్టిక) గురించి చాలా వార్డుల్లో సెప్టెంబరు, అక్టోబరులోనే మాట్లాడుకోవడం మొదలవుతుంది. క్రిస్మస్ చేసినవాళ్లకు న్యూ ఇయర్ ఆఫ్, న్యూ ఇయర్ చేసినవాళ్లకు క్రిస్మస్ ఆఫ్ అన్నది ఎక్కువ చోట్ల నడిచే పద్ధతి. నిరుడు క్రిస్మస్ ఎవరు చేశారో కూడా చూస్తారు. మన పిల్లలు మొహమాటపడి నోరు విప్పరు. నవంబరులో రోటా బయటికొచ్చాక తమ పేరు 24, 25, 26 మూడు రోజులూ కనిపిస్తే గొల్లుమంటారు. అప్పుడిక మిగిలేది ఎవరితోనన్నా షిఫ్టు మార్చుకోవడమే. దానికి అదే బ్యాండు, అదే నైపుణ్యం ఉన్న మనిషి దొరకాలి, మేనేజరు ఒప్పుకోవాలి. ఐసీయూలో అది ఇంకా కష్టం. కాబట్టి అమ్మాయి సిస్టర్ ఇన్‌ఛార్జికి ముందే చెప్పాలి: నేను క్రైస్తవురాలిని, క్రిస్మస్ పొద్దున ఆరాధన నాకు ముఖ్యం, 25 నైట్ చేస్తాను, డే మాత్రం వద్దు అని. ఇలా ఒకటి ఇచ్చి ఒకటి అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ.

ఆ రోజు అసలు ఇబ్బంది రవాణా. లండన్‌లో డిసెంబరు 25న ట్యూబ్ రైళ్లు తిరగవు, సిటీ బస్సులూ తిరగవు. దేశమంతా రైళ్లు దాదాపు ఆగిపోతాయి. 26న కూడా అరకొరగానే. బస్సు దిగితే ఆసుపత్రి అని ఇల్లు తీసుకున్నవాళ్లు ఆ రోజు రోడ్డు మీద నిలబడతారు. మొదటి ఏడాది ఆసుపత్రి క్వార్టర్సులోనో, నడిచి వెళ్లగలిగే దూరంలోనో ఉండటం మేలు. లేదంటే కారున్న సహోద్యోగితో పది రోజుల ముందే మాట్లాడుకోవాలి. పెద్ద సూపర్‌మార్కెట్లు క్రిస్మస్ రోజున తెరవకూడదని ఇంగ్లండ్, వేల్స్‌లో చట్టమే ఉంది, కాబట్టి బియ్యం, పాలు, కూరలు 24 మధ్యాహ్నానికే ఇంట్లో ఉండాలి. క్యాంటీన్ తెరిచినా ఏదో ఒకటి రెండు రకాలే ఉంటాయి, డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్లమనండి.

వార్డులో పని కూడా మీరు ఊహించుకుంటున్నట్టు ఉండదు. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు ఆ రోజు పెట్టరు, ఓపీ ఉండదు. ఇంటికి పంపగలిగిన పేషెంట్లను 24 సాయంత్రంలోగా పంపేయాలని చూస్తారు. డిశ్చార్జి మందుల చీటీ ఆ రోజు పొద్దున్నే ఫార్మసీకి వెళ్లకపోతే పేషెంటు ఇంకో రెండు మూడు రోజులు మంచం మీదే. ఐసీయూ, ప్రసూతి వార్డు, ఎమర్జెన్సీలకు మాత్రం పండగ తెలియదు. ఫ్లూ, వాంతుల వైరస్ ముదిరేదీ ఈ రోజుల్లోనే, అందులో స్టాఫ్ కూడా పడిపోతారు. భయపడాల్సి వస్తే దీనికి భయపడండి. వెళ్లిన ఏడాది ఫ్లూ టీకా అక్టోబరులోనే వేయించుకోమని చెప్పండి. ఆసుపత్రే వేస్తుంది.

ఒంటరితనం గురించి. వాళ్లమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. చలికాలంలో యూకే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. లాంగ్ డే ముగిసి పిల్ల ఫోన్ పట్టేసరికి మీకు రాత్రి ఒకటిన్నర. 24 నైట్ చేస్తే పొద్దున ఎనిమిదిన్నరకు బయటికొస్తుంది, మీకు మధ్యాహ్నం రెండు, గుడి నుంచి వచ్చి భోంచేసి కూర్చునే వేళ. ఆ టైముకు ఫోన్ చేయండి. నువ్వు లేకుండా పండగేంటే అని ఏడవకండి. పన్నెండు గంటలు వెంటిలేటర్ల మధ్య నిలబడి వచ్చిన పిల్ల అది, తిరిగి మిమ్మల్ని ఓదార్చే డ్యూటీ కూడా దానికే వేస్తారా? ఇంటి మీద స్టార్ కట్టింది చూపించండి, కేరల్స్ పాడిన పిల్లల్ని చూపించండి. పెద్ద ఊళ్లలో తెలుగు సంఘాలు, తెలుగు ఆరాధనలు ఉన్నాయి, డ్యూటీలుండే జనం కాబట్టి వాళ్ల కూడికలు వేరే తేదీల్లోనూ పెట్టుకుంటారు. వెళ్లిన నెలలోనే ఆ పరిచయం చేసుకోవాలి, డిసెంబరుకు కాదు.

ఇంత చెప్పాక యూకే వెళ్లమని చెప్పాలి. కానీ చెప్పలేను. పండగ డ్యూటీ గురించి నాకేం అనుమానం లేదు, ఉద్యోగం గురించే ఉంది. నాలుగేళ్ల కిందట మనవాళ్లను విమానాల్లో తీసుకెళ్లినట్టు ఎన్‌హెచ్‌ఎస్ ఇప్పుడు తీసుకెళ్లడం లేదు. బడ్జెట్లు బిగిశాయి. అక్కడ చదివిన నర్సులకే పోస్టులు చాలక 2025 ఆగస్టులో ప్రభుత్వం వాళ్లకు ఉద్యోగ హామీ పథకం ప్రకటించాల్సి వచ్చింది. శాశ్వత నివాసానికి ఐదేళ్లకు బదులు పదేళ్లు పెట్టాలన్న ప్రతిపాదన వలసల మీద ప్రభుత్వం తెచ్చిన 2025 మే శ్వేతపత్రంలోనే వచ్చింది. నర్సింగ్ హోములు (అక్కడ ఆ పేరుతో పిలిచేది వృద్ధులను చూసుకునే కేంద్రాలను) తీసుకుంటామంటాయి, కానీ పైన చెప్పిన 60 శాతం వాళ్లకు వర్తించదు. పండగ రోజు అదనపు జీతం గానీ, సెలవు గానీ ఇచ్చి తీరాలని యూకే చట్టంలో ఎక్కడా లేదు, కాంట్రాక్టులో రాసి ఉంటేనే దక్కుతుంది. ఆఫర్ వస్తే ముందు ఆ ఒక్క లైను వెతకమనండి.

స్టూడెంట్ వీసా మీద ఏదో హెల్త్ మేనేజ్‌మెంట్ ఎంఎస్సీకి పంపి, అక్కడికెళ్లాక నర్సుగా మారొచ్చని మరో రకం కన్సల్టెన్సీలు చెబుతాయి. దీని జోలికి అసలు పోవద్దు. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. క్రిస్మస్ సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చంటారు, అది యూనివర్సిటీ అధికారికంగా రాసిచ్చిన వెకేషన్ తేదీల్లోనే. ఒక వారం లెక్క తప్పినా వీసాకే ఎసరు. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూటు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. ఇరవై లక్షల అప్పు చేసి ఆ 18 నెలల్లో స్పాన్సరును వెతుక్కోమంటారా ఆ పిల్లను?

మెడికల్ కోడింగ్ సంగతి. క్రిస్మస్‌కు ఆఫీసు మూసేస్తారు, నిజమే. అమెరికా క్లయింటుకు ఆ రోజు సెలవు కాబట్టి. సంక్రాంతికి అదే కారణంగా డ్యూటీ పడొచ్చు. నర్సుకు జబ్బులు, మందులు తెలుసు కాబట్టి కోడింగ్ త్వరగా పట్టుబడుతుంది, ఇన్‌పేషెంట్ చార్టుల్లో రాణిస్తుంది కూడా. ఇబ్బందల్లా మొదటి మెట్టు దగ్గర. ఫ్రెషర్లకు మొదట ఇచ్చే ఎక్స్‌రే, ల్యాబు, ఎమర్జెన్సీ చార్టులనే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దానంతటదే కోడ్ చేస్తోంది. అమీర్‌పేట బోర్డుల మీద ఆ విషయం రాయరు. ఇంకో సంగతి, మంచం పక్కన పనిచేసిన అనుభవం ఈ మధ్యది అయి ఉండాలని విదేశీ ఆసుపత్రులు అడుగుతాయి. రెండేళ్లు కోడింగ్‌లో కూర్చుంటే ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. పండగ ఒక్కరోజు కోసం దాన్ని మూయొద్దు.

విదేశాల్లో నర్సుగా చేయడానికి రాయాల్సిన పరీక్షల సంగతి మీ అమ్మాయికి తెలుసు, వదిలేస్తున్నా. ఐసీయూ ఉద్యోగం మానకుండా, ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి నేరుగా పిలిస్తేనే యూకే వైపు చూడమనండి. ఈలోగా జర్మనీ కోసం జర్మన్ భాష మొదలుపెట్టొచ్చు. అక్కడ నర్సుగా గుర్తింపు కోసం ఆ భాషలో బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) కావాలి, డ్యూటీ చేస్తూ నేర్చుకుంటే ఏడాదికి తక్కువ పట్టదు. ఏజెంట్లను కాక ఆంధ్రాలో ఓమ్‌క్యాప్‌ను, తెలంగాణలో టామ్‌కామ్‌ను అడగండి, రెండూ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. జర్మనీలోనూ క్రిస్మస్ డ్యూటీ తప్పదని ఇప్పుడే చెబుతున్నా. 25, 26 రెండూ సెలవు దినాలే, ఆ రోజుల అదనపు జీతం మీద చట్టం చెప్పిన హద్దు దాకా ట్యాక్సు ఉండదు. 24న మధ్యాహ్నానికే దుకాణాలు కట్టేస్తారు. సౌదీ వైపు వెళ్తే క్రిస్మస్ అసలు సెలవే కాదు. ఈ మూడింటిలో దేనికి సిద్ధమో వాళ్లమ్మనూ మిమ్మల్నీ కాదు, అమ్మాయిని అడగండి.