సిడ్నీ వెళుతున్న మా బుజ్జికి

బుజ్జితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీకు వీసా వచ్చిందని చెప్పాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. నేను చదివిన కెన్సింగ్టన్ క్యాంపస్‌లోనే నీకూ సీటు వచ్చిందని ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అక్కడికి సముద్రం మూడు కిలోమీటర్లే అన్న సంగతి గుర్తొస్తే మాత్రం గుండె దడదడలాడుతోంది. తెల్లారగానే బీచ్ రోడ్డు మీద కాసేపు నడిచొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే మళ్ళీ తీసి చదువుకుంటావు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ కాగితాల కాపీలు మీ అమ్మ దగ్గర ఒక సెట్టు ఉంచు. గదిని నువ్వో, నీకు బాగా తెలిసినవాళ్ళో కళ్ళారా చూడకుండా అడ్వాన్సు పంపకు. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు, ఎవరెంత చెప్పినా ఆ లెక్క దాటకు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, ఒక మంచి స్వెట్టర్ పెట్టుకో. పచ్చళ్ళూ పొడులూ తీసుకెళితే దిగేటప్పుడు ఇచ్చే కార్డులో తప్పకుండా రాయి, దాచిపెడితే పెద్ద జరిమానా వేస్తారు. మీ అమ్మ పెట్టె సర్దుతుంటే సగం తీయించెయ్. హారిస్ పార్క్ వైపు వెళితే మన సరుకులన్నీ దొరుకుతాయి.

ఊరు మాత్రం చూడు. గది, క్లాసు, పార్ట్‌టైమ్ ఉద్యోగం అంటూ రెండేళ్ళు గడిపేసి, విమానం ఎక్కే ముందు వారం పరుగులు పెట్టి ఫోటోలు దిగొచ్చిన వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళని తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. మొదటి ఆదివారమే పడవలు బయల్దేరే రేవు, సర్క్యులర్ కీకి వెళ్ళు. స్పెల్లింగ్ చూసి 'క్వే' అనకు, అక్కడ 'కీ' అంటారు. మా రోజుల్లో బస్సే దిక్కు. ఇప్పుడు యూనివర్సిటీ దగ్గరే లైట్ రైల్ ఎక్కితే నేరుగా తీసుకెళ్తుంది. ఒక పక్క 1932లో తెరిచిన వంతెన, ఇంకో పక్క 1973లో తెరిచిన ఒపెరా హౌస్. ఒపెరా హౌస్ కప్పులు దూరం నుంచి తెల్లటి తెరచాపల్లా ఉంటాయి. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూడు, అన్నీ చిన్న చిన్న పలకలే, పది లక్షలకు పైగా ఉన్నాయట. నేను మొదటిసారి ఆ పలకల మీద చెయ్యి ఆనించి, మా నాన్న ఉంటే బాగుండును అనుకున్నాను. మీ తాతయ్య తాపీమేస్త్రీ అని నీకు తెలుసుగా. ఆ వంపుకి పలకలు ఎలా కూర్చారో ఆయనైతే గంటసేపు చూస్తూ నిలబడేవాడు.

అక్కడి నుంచే మ్యాన్లీ వెళ్ళే ఫెర్రీ ఎక్కు. అరగంట ప్రయాణం. హార్బర్ నోరు తెరుచుకునే చోట, రెండు కొండకొమ్ముల మధ్య నుంచి మహాసముద్రం కనబడుతుంది, అప్పుడు పడవ బాగా ఊగుతుంది. భయపడకు, బయట బెంచీ మీదే కూర్చో.

బాండై బీచ్ నుంచి కూజీ బీచ్ దాకా కొండ అంచు వెంట ఆరు కిలోమీటర్ల నడక దారి ఉంది. పొద్దున్నే వెళ్ళు. మన విశాఖలో లాగే అక్కడా సముద్రం తూర్పునే, సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. ఇంటి మీద బెంగ పుట్టిన రోజుల్లో నాకు ఆ ఒక్కటీ చాలా ఓదార్పు. ఫోటో కోసం కంచె దాటి అంచు మీదకి మాత్రం వెళ్ళకు. ఆ రాళ్ళు కిందనుంచి తొలిచేసి ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి తెలియదు. మీ తాతయ్య తెలియకుండానే వెళ్ళిపోయారు.

నేను విశాఖ పిల్లని, సముద్రం నాకు తెలుసు అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది. ఆర్కే బీచ్‌లో మేం చేసిందేమిటి? చున్నీ నడుముకి చుట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడటం, అల వస్తే కేకలు పెట్టి వెనక్కి పరిగెత్తడం. ఈత కూడా రాదు. దాన్నే సముద్రం తెలియడం అనుకున్నాను.

2005 నవంబర్ చివర, పరీక్షలు అయిపోయిన శనివారం. గదిలో ఉండే ఇద్దరమ్మాయిలతో ఆ నడక దారిలోనే బయల్దేరాను. ఎండ మండిపోతోంది. దారిలో టామరామా అని చిన్న బీచ్ ఉంటుంది, రెండు రాతి గట్ల మధ్య వంద మీటర్లు కూడా ఉండదు. ఎర్ర, పసుపు జెండాలు రెండు పాతి ఉన్నాయి, వాటి మధ్యే జనమంతా. అక్కడ అలలు పెద్దగా విరిగి పడుతున్నాయి. జెండాలకి ఇవతల, రాళ్ళ పక్కన, ఒక చోట అలే లేదు. నీళ్ళు ముదురు రంగులో, నిశ్చలంగా, మన ఊరి చెరువులా ఉన్నాయి. ఇంత మంచి చోటు వదిలేసి వీళ్ళంతా అక్కడెందుకు తోసుకుంటున్నారు అనుకున్నాను. చుడీదార్‌తోనే దిగాను. వాళ్ళిద్దరూ ఒడ్డున కూర్చున్నారు.

నడుం దాకా వెళ్ళానో లేదో కాళ్ళ కింద ఇసుక జారింది. అల కొట్టలేదు బుజ్జీ, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు మెల్లగా లోపలికి తీసుకెళ్ళింది. తిరిగి చూస్తే ఒడ్డు దూరంగా ఉంది. చేతులు కాళ్ళు కొట్టుకుంటున్నాను, ఒడ్డు ఇంకా దూరం అవుతోంది. తడిసిన చుడీదార్ కాళ్ళకి చుట్టుకుపోయింది.

అప్పుడు సర్ఫింగ్ బోర్డు మీద ఒక కుర్రాడు నా పక్కగా వెళుతూ "బాగానే ఉన్నారా?" అని అడిగాడు.

నేను "బాగానే ఉన్నాను" అన్నాను.

ఇరవై ఏళ్ళుగా ఆ మాట నన్ను వదలలేదు. గుక్కెడు ఉప్పునీళ్ళు మింగిన నోటితో, నవ్వు తెచ్చుకుని మరీ అన్నాను. ఎందుకు? బట్టలన్నీ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి, బీచ్ మొత్తం చూస్తుందని సిగ్గు. ఇంత దూరం వచ్చి చదువుకుంటున్న పిల్ల ఇంత తెలివితక్కువ పని చేసిందా అంటారని సిగ్గు. చెయ్యి పైకెత్తితే చాలు, ఒడ్డు మీద కాపలావాళ్ళు ఉన్నారు. ఎత్తలేదు. ఆ కుర్రాడు నా మాట నమ్మకుండా పది బారలు వెళ్ళి వెనక్కి తిరిగాడు కాబట్టి ఈ రోజు నీకు ఉత్తరం రాస్తున్నాను. బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి ఒడ్డుకు చేర్చాడు. వణుకు తగ్గాక చూస్తే అతను మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు.

కాపలా ఉన్న పెద్దాయన నా పక్కన కూర్చుని ఇసుక మీద వేలితో గీసి చూపించాడు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ ఎలాగో వెనక్కి పోవాలి కదా. అవి లోతుగా ఉన్న పాయ చూసుకుని ఒక్క చోటి నుంచే పోతాయి. లోతు వల్ల అక్కడ అల విరగదు, రంగు ముదురుగా ఉంటుంది. అందుకే ప్రశాంతంగా కనబడుతుంది. దాన్ని రిప్ అంటారు. ఆ దేశంలో సొరచేపల కంటే అదే ఎక్కువ మందిని తీసుకుపోతుంది. అది కిందకి ముంచదు, లోపలికి లాగుతుంది. ఎదురీదితే ఒంట్లో శక్తి అయిపోయి మనమే మునుగుతాం.

కాబట్టి విను. ఆ ఎర్ర, పసుపు జెండాల మధ్య తప్ప నీళ్ళలో దిగకు, పాదం తడుపుకోవడానికైనా సరే. ఒంటరిగా దిగకు. పొరపాటున లాగితే వెల్లకిలా తేలు, చెయ్యి ఎత్తు, కేకలు వెయ్యి. ఎవరు చూస్తారో అని ఒక్క క్షణం కూడా ఆలోచించావంటే నేను ఊరుకోను. సాయానికి నంబరు మూడు సున్నాలు, 000. శని ఆదివారాల్లో ఎర్ర, పసుపు టోపీలతో నిలబడేవాళ్ళు వాలంటీర్లు, జీతం తీసుకోరు. వెళ్ళి పలకరించు, ఈ రోజు రిప్ ఎక్కడుందని అడుగు, చేత్తో చూపిస్తారు.

నేను ఆ తర్వాత మూడు నెలలు సముద్రం వైపే వెళ్ళలేదు. మళ్ళీ వెళ్ళింది కూజీలో ఆడవాళ్ళ కొలనుకి. మెకైవర్స్ బాత్స్ అంటారు, రాళ్ళ మధ్య సముద్రపు నీళ్ళే నిండే కొలను, ఆడవాళ్ళకీ పిల్లలకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. ఏ బట్టలతో దిగినా ఎవరూ పట్టించుకోరు. డెబ్బై ఏళ్ళ ఒకావిడ నా నడుం కింద అరచెయ్యి పెట్టి, చెవులు నీళ్ళలో మునగనివ్వమని చెప్పి, నాకు తేలడం నేర్పింది. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అనకుండా చెయ్యి అలాగే ఉంచింది. నువ్వు అక్కడికి వెళ్ళాలి. నా కోసమైనా వెళ్ళాలి.

ఆ సంవత్సరం నాకొక సబ్జెక్టు పోయింది. ప్రతి ఆదివారం కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేస్తే అమ్మ అడిగేది, నేను "బాగానే ఉన్నాను" అనేదాన్ని. నెలరోజులు ఒకపూటే తిన్నప్పుడూ అదే మాట. నువ్వు అలా అంటే నేను నమ్మను బుజ్జీ. ముందే చెబుతున్నాను. ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, ఎందుకు గొంతు అలా ఉంది అని తవ్వి తవ్వి అడుగుతాను, విసుక్కోకు. మీ నాన్నకి చెప్పలేనిది ఏదైనా ఉంటే అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి.

నీ ప్రయాణానికి ఇంకా ఐదు వారాలుంది. శనివారం రత్నాచల్‌కి వస్తున్నాను, నెలరోజులు మీ ఇంట్లోనే ఉంటాను. ఆడపిల్లలకి వేరుగా సమయం ఉన్న ఈతకొలను మీ విజయవాడలో ఏది ఉందో ఈ లోపు కనుక్కో. ఆదివారం పొద్దున్న ఆరింటికి ఇద్దరం వెళుతున్నాం. ఒక టవలు, పాత చుడీదార్ ఒకటి తీసి పెట్టుకో. ముందు బట్టలతో నీళ్ళలో ఎంత బరువుంటుందో చూపిస్తాను, తర్వాత తేలడం నేర్పిస్తాను. నడుం కింద చెయ్యి తీయనులే.

మీ అత్త
విశాఖపట్నం