యుద్ధం చూసిన, ఇప్పటి అరబ్ కవుల్లో ఎవరితో మొదలుపెట్టాలి?

మీరు పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్‌ను చదివారట, ఇప్పుడు రాస్తున్నవాళ్లలో యుద్ధం మధ్య పెరిగిన అరబ్ కవి ఒకరి పేరు చెప్పమని, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో కూడా చెప్పమని అడిగారు. నా జవాబు దున్యా మిఖాయిల్. ఇరాక్ కవయిత్రి. నాకు అరబిక్ రాదు, ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. కాబట్టి ఇది మామూలు పాఠకుడి సలహాగానే తీసుకోండి.

ఆమె 1965లో బాగ్దాద్‌లో, ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఇరాన్‌తో యుద్ధం మొదలైన 1980లో ఆమెకు పదిహేనేళ్లు. అది ముగిసేసరికి ఎనిమిదేళ్లు గడిచాయి. తోటి మగపిల్లలు చదువు అవ్వగానే సరిహద్దుకు వెళ్లడం, కొందరు తిరిగి రాకపోవడం చూస్తూ పెద్దయిన తరం వాళ్లది. రెండేళ్లు ఊపిరి పీల్చుకున్నారో లేదో, 1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడ్డాడు. 1991 జనవరి నుంచి బాగ్దాద్ మీద బాంబులు. ఆ తర్వాత 2003 దాకా ఆంక్షలు. అంటే ఆమె కాలేజీ, ఉద్యోగం, మొదటి కవితలు అన్నీ ఒక యుద్ధానికీ ఇంకో యుద్ధానికీ మధ్యే. బాగ్దాద్ అబ్జర్వర్ అనే ఇంగ్లీషు పత్రికలో పనిచేసేవారు. 1991 అనుభవాలను డైరీలా, కవిత్వంలా కలిపి రాసిన పుస్తకంతో ప్రభుత్వం కన్ను ఆమె మీద పడింది. 1990ల మధ్యలో జోర్డాన్ మీదుగా అమెరికా చేరారు. ఇప్పుడు మిచిగాన్‌లో ఉంటూ ఓక్లాండ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు.

ఆమె నాకు ఎందుకు అంత దగ్గరయ్యారో చెప్పాలంటే మా మావయ్య సంగతి చెప్పాలి. మాది కోనసీమ. మా వైపు ప్రతి వీధిలో కువైట్ వెళ్లినవాళ్లు ఉంటారు. మావయ్య 1990లో అక్కడ డ్రైవరు. యుద్ధం వచ్చాక చేతిలో ఉన్న సంచితో బస్సెక్కి, ఇరాక్ దాటి జోర్డాన్ వచ్చి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కాడు. అలా లక్షన్నరకు పైగా భారతీయులను తీసుకొచ్చారు. ఆ ప్రయాణం గురించి ఎన్ని పండగలకు కలిసినా మళ్లీ చెప్పేవాడు: నీళ్ల కోసం క్యూ, ఎడారిలో డేరాలు, రావాల్సిన జీతం పోవడం. అతని కథలో ఇరాక్ అంటే తుపాకులు పట్టుకున్న సైనికులు, అంతే. వాళ్లకీ ఇళ్లుంటాయని, ఆ ఇళ్ల మీద కొన్ని నెలల్లో బాంబులు పడ్డాయని నేను చాలా ఏళ్లు ఆలోచించలేదు. 1991 ఫిబ్రవరిలో బాగ్దాద్‌లోని అమిరియా షెల్టర్ మీద అమెరికా బాంబులు పడి నాలుగు వందల మందికి పైగా పౌరులు చనిపోయారు. నాకు ఆ పేరు కూడా తెలిసింది ఉద్యోగం కోసం మిచిగాన్ వచ్చాకే. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇరాక్ నుంచి వచ్చిన కల్దియన్ క్రైస్తవులు చాలామంది. మా ఆఫీసులో పక్క సీటు అతను వాళ్లలో ఒకడు. మావయ్య కథ చెబితే శ్రద్ధగా విని, "అప్పుడు మేము అటు వైపు, ఇరాక్‌లో ఉన్నాం" అన్నాడు. దున్యా పేరు అతను చెప్పిందే.

ఇంతకీ పుస్తకం. 2005లో ఎలిజబెత్ విన్‌స్లో అనువాదంలో వచ్చిన 'ది వార్ వర్క్స్ హార్డ్'తో మొదలుపెట్టండి. ఆ పేరుతో ఉన్న కవితలో యుద్ధం ఒక కష్టజీవి. పొద్దున్నే సైరన్లను నిద్రలేపుతుంది, అంబులెన్సులను పంపుతుంది, కృత్రిమ కాళ్లు చేసేవాళ్లకు గిరాకీ పెంచుతుంది, ఈగలకు తిండి పెడుతుంది, శవపేటికలు చేసేవాళ్లకు ఉత్సాహం ఇస్తుంది, నాయకుడి ముఖాన నవ్వు పూస్తుంది. ఇంత చాకిరీ చేస్తున్నా ఒక్కరూ మెచ్చుకోరు పాపం! ఉత్తమ ఉద్యోగి అవార్డు కోసం రాసిన సిఫార్సు ఉత్తరంలా ఉంటుంది ఆ కవిత. మొదటిసారి చదివినప్పుడు సగం దాకా నవ్వుతూనే ఉన్నాను, తర్వాత నవ్వడం కుదరలేదు.

అదే పుస్తకంలో 'బ్యాగ్ ఆఫ్ బోన్స్' తప్పక చదవండి. ఒక తల్లికి సామూహిక సమాధిలో కొడుకు ఎముకలు దొరుకుతాయి. ఎంత అదృష్టం అంటూ మొదలవుతుంది కవిత! పక్కింటామెకు అదీ ఇంకా దొరకలేదు మరి. ప్రాణం తీసుకున్నందుకు నియంత రసీదు ఇవ్వడు అనే అర్థం వచ్చే మాట ఒకటుంది అందులో. ఇరాక్‌లో అధికారుల అనుమతి లేనిదే ఏదీ అచ్చయ్యేది కాదు, అందుకే పోలికల చాటున దాచి రాయాల్సి వచ్చేదని ఆమే చెప్పారు. ఈ కవితలో మాత్రం దాపరికం ఏమీ లేదు.

ఒక ఫ్రెండ్‌కి ఇస్తే "కోపం లేదు, పిలుపు లేదు, ఇదేం యుద్ధ కవిత్వం?" అన్నాడు. మనకు గొంతెత్తిన కవిత్వం అలవాటు, అందుకని అలా అనిపించొచ్చు. దర్వీష్ నుంచి వస్తున్న మీకూ ఆమె గొంతు మొదట్లో పల్చగా వినబడుతుంది. నా మటుకు నాకు ఆ తాపీతనమే ఎక్కువ భయం వేసింది. ఎనిమిదేళ్లు రోజూ సైరన్ వింటే, దాని గురించి కేకలు పెట్టి మాట్లాడటం ఎవరికైనా ఎప్పుడో ఆగిపోతుంది కదా.

'ది ఇరాకీ నైట్స్' (2014) రెండో పుస్తకంగా పెట్టుకోండి. ప్రాచీన మెసొపొటేమియా దేవత ఇష్తార్ కథ, వెయ్యిన్నొక్క రాత్రుల నీడ రెండూ ఉంటాయి. నాకు అక్కడక్కడా కాస్త ఎక్కువ అలంకారంగా అనిపించింది.

కవిత్వం కాకపోయినా 'ది బీకీపర్' (2018) వదలకండి. 2014 ఆగస్టులో ఐసిస్ ఉగ్రవాదులు ఉత్తర ఇరాక్‌లోని సింజార్ మీద పడి, యజీదీ అనే చిన్న మతానికి చెందిన ఆడవాళ్లను ఎత్తుకెళ్లి అమ్మారు. అబ్దుల్లా ష్రెమ్ అనే తేనె వ్యాపారి, తేనె అమ్ముకునే రోజుల్లో తెలిసిన దారులనూ మనుషులనూ వాడుకుని వాళ్లను ఒక్కొక్కరినే బయటికి తెచ్చాడు. దున్యా మిచిగాన్ నుంచి అతనితో ఫోన్లో మాట్లాడుతూ ఆ ఆడవాళ్ల కథలు రాసుకున్నారు. చాలా బరువైన పుస్తకం. రాత్రి పడుకునే ముందు మాత్రం తెరవొద్దు, నేను పగలే, అదీ కొన్ని పేజీల చొప్పున చదివాను. అదే విషయం నవలగా కావాలంటే ఆమె రాసిన 'ది బర్డ్ టాటూ' ఉంది, 2021లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతి షార్ట్‌లిస్టుకు వచ్చింది.